పోపుల డబ్బా, రైలు కంపెనీ, మన సంతకం

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు "లాంగ్ వీకెండ్‌కి ఏదైనా సీరియస్ సినిమా చెప్పండక్కా" అని అడిగింది. ఎవరో 'అట్లాస్ ష్రగ్డ్' అని పెట్టారు. ఇంకొకరు "అబ్బే, అది డబ్బున్నవాళ్ల భజన, చూడకండి" అన్నారు. ఆ తర్వాత మామూలే. యాభై మెసేజీలు, పది బొమ్మలు, చివరికి ఒకావిడ తన కరివేపాకు మొక్క ఫోటో పెట్టి మాట మార్చేసింది. నేను మాత్రం పట్టుబట్టి మూడు భాగాలూ చూశాను. సినిమాగా నాకు అంతగా నచ్చలేదు. కానీ పది రోజుల తర్వాత కూడా అంట్లు తోముతుంటే అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరు ఒప్పుకోవాలని ఏమీ లేదు. చివరిదాకా చదివి అప్పుడు దెబ్బలాడండి.

నా మాట ముందే చెప్పేస్తాను. మనిషి స్వేచ్ఛకి పునాది తన కష్టం మీద తనకి హక్కుండడమేనని ఆ సినిమా అంటుంది. అది నిజం. ప్రపంచాన్ని మోస్తున్నది గుప్పెడుమంది పెద్ద పారిశ్రామికవేత్తలేనని కూడా అంటుంది. అది అబద్ధం. ఈ రెంటినీ కలిపి మింగితే మనలాంటి ఆడవాళ్లకే నష్టం. అబద్ధం చేదుగా ఉందని రెంటినీ కలిపి ఉమ్మేసినా మనకే నష్టం.

కథ ఏమిటంటే

చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. మొదటి భాగం 2011 ఏప్రిల్ 15న విడుదలైంది. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ తేదీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, టాక్సులు గుర్తొచ్చే రోజు. కథ మాత్రం 2016లో జరుగుతుంది. ఆర్థిక వ్యవస్థ కూలిపోయింది. పెట్రోలు గ్యాలన్ 37 డాలర్లు దాటింది. సరుకు రవాణాకి మళ్లీ రైళ్లే దిక్కయ్యాయి. డాగ్నీ ట్యాగర్ట్ అనే అమ్మాయి తన కుటుంబానికి చెందిన రైలు కంపెనీని నిలబెట్టాలని తంటాలు పడుతుంటుంది. అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది ఆవిడ అన్న జేమ్స్. పట్టాలు ఎక్కడ అరిగిపోయాయో, ఏ బండి ఎందుకు ఆలస్యమైందో తెలిసింది చెల్లెలికి. పని ఆవిడది, పేరు అన్నది. ఇలాంటి ఇళ్లు మీకు ఎన్ని తెలుసో నాకు తెలియదు గానీ, నాకు మూడు తెలుసు.

హ్యాంక్ రియర్డన్ అనే ఆయన కొత్త లోహం కనిపెడతాడు. ఉక్కు కన్నా గట్టిది, తేలికైనది. దాంతో డాగ్నీ కొత్త పట్టాలు వేయిస్తుంది. ఆ లోహం మంచిది కాదని ప్రభుత్వ సంస్థ ప్రచారం చేస్తుంది. ఒక మనిషికి ఒక కంపెనీ మాత్రమే ఉండాలని చట్టం చేస్తారు. బాగా పని చేసేవాళ్లందరూ ఒక్కొక్కరే మాయమైపోతుంటారు. వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో ఎవరికీ తెలియదు. చివరికి చమురు బావుల యజమాని ఒకాయన తన బావులకి తానే నిప్పంటించి వెళ్లిపోతాడు. అక్కడితో మొదటి భాగం ఆగిపోతుంది.

రెండో భాగం 2012లో, మూడోది 2014లో వచ్చాయి. మూడింట్లోనూ డాగ్నీ వేషానికి ముగ్గురు వేర్వేరు నటులు. మొదటి భాగానికి రెండు కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెడితే, థియేటర్లలో 50 లక్షలు కూడా రాలేదు. మార్కెట్టే అసలైన న్యాయమూర్తి అని చెప్పే సినిమాకి మార్కెట్ ఇచ్చిన తీర్పు అది. ఇది వెక్కిరింత కోసం అనడం లేదు. మార్కెట్‌లో ఓడిపోయిన ప్రతిదీ పనికిరానిది కాదని ఆ నిర్మాతలకి కూడా తెలిసే ఉంటుంది, లేకపోతే రెండూ మూడూ తీసేవారు కాదు.

పేరులో అట్లాస్ గ్రీకుల కథలోనివాడు. ఆకాశాన్ని మోసేవాడు, జనం నోట భూగోళాన్ని మోసేవాడయ్యాడు. మనకి ఆదిశేషుడు ఉన్నాడు కదా. ఆయన అలసిపోయి ఒక పడగ మీంచి ఇంకో పడగ మీదికి భూమిని మార్చుకుంటే భూకంపం వస్తుందని మా అమ్మమ్మ చెప్పేది. మోసేవాడు విసిగి భుజం దించేస్తే ఏమవుతుంది? సినిమా అడిగే ప్రశ్న అదొక్కటే. మంచి ప్రశ్న. మోసేవాళ్లు ఎవరన్న దగ్గరే నాకు పేచీ.

ఇంకొక చిన్న సంగతి. రియర్డన్ తన లోహంతో చేసిన మొదటి గొలుసు చేతికి పెట్టుకోమని భార్య లిలియన్‌కి ఇస్తాడు. ఆవిడ పార్టీలో అందరి ముందూ దాన్ని ఎగతాళి చేస్తుంది. డాగ్నీ తన వజ్రాల నెక్లెస్ ఇచ్చి ఆ గొలుసు తీసుకుంటుంది. చూసేవాళ్లు అక్కడ డాగ్నీకి చప్పట్లు కొట్టాలి, లిలియన్‌ని అసహ్యించుకోవాలి. నేనూ అలాగే చూశాను మొదటిసారి. రెండోసారి చూసినప్పుడు అనిపించింది, ఆ ఇంట్లో లిలియన్‌కి చేయడానికి ఏం మిగిల్చారు? భర్త గొప్పతనాన్ని చూసి మురిసిపోవడం తప్ప ఆవిడకి వేరే పని లేదు. ఆవిడ మంచిది అనను. కానీ పని లేని చేతులు ఎంత చేదుగా తయారవుతాయో హెచ్ 4 వీసా మీద ఆరేళ్లు ఇంట్లో కూర్చున్న నాకు తెలుసు. ఆ రోజుల్లో మా ఆయన ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందని సంతోషంగా చెప్తే "అయితే ఏంటి" అన్నదాన్ని నేను.

ఈ కథ రాసినావిడా వీసా మీద వచ్చిందే

ఈ సినిమాకి మూలం 1957లో వచ్చిన నవల. రాసింది ఐన్ రాండ్. చాలామంది ఆవిడని పుట్టు అమెరికన్ అనుకుంటారు. కాదు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. అసలు పేరు అలీసా రోజెన్‌బామ్. తండ్రికి మందుల షాపు ఉండేది. విప్లవం తర్వాత దాన్ని ప్రభుత్వం లాక్కుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల కళ్లముందే తండ్రి కష్టం పోయింది. ఆవిడ జీవితమంతా రాసింది ఆ షాపు గురించేనని నాకనిపిస్తుంది.

1926లో చుట్టాల్ని చూడ్డానికని వీసా తీసుకుని అమెరికా వచ్చింది. ప్రయాణం ఖర్చు కోసం తల్లి తన నగలు అమ్మిందని ఆవిడ జీవితచరిత్రలు చెప్తాయి. షికాగోలో చుట్టాల ఇంట్లో నెలల తరబడి ఉంది. వాళ్ల అన్నం తిన్నది. వాళ్లు ఇచ్చిన డబ్బుతోనే హాలీవుడ్ వెళ్లింది. 1929లో వీసా గడువు అయిపోవస్తుండగా అమెరికన్ నటుణ్ణి పెళ్లి చేసుకుంది. 1931లో పౌరసత్వం వచ్చింది. తర్వాత అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలని ప్రయత్నించింది, సోవియట్ ప్రభుత్వం వదల్లేదు. వాళ్లని మళ్లీ చూడలేదు.

ఇది చదువుతుంటే మీకు ఎవరెవరు గుర్తొస్తున్నారు? అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కి పంపిన మన చెల్లెళ్లు కారా? వచ్చిన కొత్తల్లో పిన్నిగారి బేస్‌మెంట్‌లో పడుకున్నవాళ్లం మనం కామా? వీడియో కాల్లో నాన్న ఆఖరి చూపు చూసినవాళ్లు ఈ గ్రూపులోనే ఎంతమంది ఉన్నారు?

నాకు ఆవిడ మీద కోపం లేదు. గౌరవం ఉంది. 1957లో ఒక ఆడది రైలు కంపెనీ నడిపే కథ రాయడం చిన్న విషయం కాదు. అప్పటికి ఇదే దేశంలో ఆడది అప్పుకి వెళ్తే భర్త సంతకం తెమ్మని బ్యాంకులు అడిగేవి. అప్పులిచ్చేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని చట్టం వచ్చింది 1974లో. డాగ్నీ ఎవరినీ క్షమాపణ అడగదు. "నేను చేయగలను, చేశాను, ఇది నాది" అంటుంది. అలా అనడం మనకి ఎవరూ నేర్పలేదు. "ఏదో మీ అందరి దయ" అనడం మాత్రం బాగా నేర్పారు.

కానీ ఒక్క లెక్క ఆవిడ వదిలేసింది. నగలు అమ్మిన తల్లి, అన్నం పెట్టిన షికాగో చుట్టాలు, వీళ్లెవరూ నవలలో అట్లాస్‌లు కారు. వాళ్లు మోయకపోతే ఆ పిల్ల ఓడ ఎక్కేదే కాదు.

నవలలో ఇంకో విచిత్రం ఉంది. మాయమైనవాళ్లందరూ కొండల మధ్య ఒక లోయలో ఉంటారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వకూడదు. డాగ్నీ అక్కడ కొన్నాళ్లు ఉండాల్సి వచ్చినప్పుడు ఖర్చుకోసం ఏం చేస్తుందో తెలుసా? జాన్ గాల్ట్ ఇంట్లో వంటా ఇంటి పనీ చేస్తుంది. జీతానికి! బంగారు నాణేల్లో! అదే లోయలో ఒక తల్లి పిల్లల్ని పెంచడమే తన వృత్తి అని చెప్తుంది. అంటే ఇంటి పని పనేనని, దానికి విలువ ఉందని రాండ్‌కి తెలుసు. తెలిసి కూడా ఆ సంగతిని వెయ్యి పేజీల పుస్తకంలో ఒక మూలన పెట్టేసింది. అదే ముక్కని నడిమధ్యకి తెచ్చి ఉంటే ఆ పుస్తకం వేరే పుస్తకం అయ్యేది.

మా అమ్మ బియ్యం డ్రమ్ములో 43 వేలు

సినిమాలో కథ నడిచే సంవత్సరం 2016 అన్నాను కదా. నిజం 2016లో మన దేశంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లే. ఇక్కడ మనం పాత పర్సులు వెతుక్కుని, ఉన్న నాలుగు నోట్లు ఎవరి చేత పంపించాలా అని గ్రూపుల్లో అడుగుతున్నాం.

మూడో రోజు మా అమ్మ ఫోన్ చేసింది. అక్కడ తెల్లవారుజాము. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ నాన్న లేవలేదు. బియ్యం డ్రమ్ములో కొంచెం డబ్బుందే. ఏం చెయ్యను?" కొంచెం అంటే 43 వేలు. కూరగాయల్లో మిగిల్చింది, పండక్కి తమ్ముడు పెట్టింది, నేను వెళ్లినప్పుడల్లా చేతిలో పెట్టింది. పదిహేడేళ్లుగా దాచింది.

"ఎందుకమ్మా దాచావు? ఏదైనా కొనుక్కోవాలనా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "కొనుక్కోవడానికేం కాదే. ఎప్పుడైనా అవసరం పడితే ఎవర్నీ అడగక్కర్లేకుండా ఉంటుందని."

రెండున్నర లక్షల లోపు ఇంటి ఆడవాళ్ల పొదుపుని ప్రశ్నించబోమని ప్రభుత్వం చెప్పింది. కాబట్టి డబ్బు పోలేదు. కానీ అమ్మకి సొంత ఖాతా లేదు. నాన్నకి చెప్పాల్సి వచ్చింది. నాన్న కోప్పడలేదు, నవ్వాడు. "దొంగా, ఇంత దాచావా" అని అందరికీ చెప్పి మురిసిపోయాడు. బ్యాంకుకి తీసుకెళ్లి జాయింటు ఖాతాలో వేయించాడు. ఆ సంక్రాంతికి ఆ డబ్బుతో ఇంటికి రంగులు వేయించారు. "మీ అమ్మ డబ్బే" అని నాన్న గర్వంగా వీడియో కాల్లో గోడలు చూపించాడు. అమ్మ వెనకాల నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఒక్క పైసా పోలేదు. కానీ పదిహేడేళ్ల స్వేచ్ఛ సున్నమైపోయింది. సినిమాలో రియర్డన్ చేత అతని లోహం హక్కులు రాయించుకుంటుంటే సంగీతం గట్టిగా మోగుతుంది. మా అమ్మ డ్రమ్ము ఖాళీ అయినప్పుడు ఏ సంగీతమూ లేదు. నాకు మాత్రం రెండూ ఒకటే. అందుకే ఈ సినిమాని "డబ్బున్నవాళ్ల గోల" అని తోసెయ్యలేకపోతున్నాను. సొంత డబ్బు, సొంత నిర్ణయం అనేవి కోటీశ్వరులకి మాత్రమే కావల్సినవి కాదు. అసలు 43 వేలు ఉన్నవాళ్లకే ఎక్కువ కావాలి.

నిజంగా భుజం దించినవాళ్లు

రాండ్ ఈ నవలకి మొదట అనుకున్న పేరు 'సమ్మె'. యజమానులు సమ్మె చేస్తే లోకం ఆగిపోతుందని ఆవిడ ఊహ. ఊహ అక్కర్లేదు, నిజంగా లోకం ఆగిన రోజు ఒకటుంది.

1975 అక్టోబర్ 24, ఐస్‌లాండ్. ఆ దేశపు ఆడవాళ్లలో పదిమందిలో తొమ్మండుగురు ఆ రోజు ఏ పనీ చేయలేదు. ఆఫీసు పనీ లేదు, ఇంటి పనీ లేదు. 'సమ్మె' అంటే కొందరు భయపడతారని 'సెలవు' అని పేరు పెట్టుకున్నారు. అప్పటికి దేశ జనాభా సుమారు రెండు లక్షల ఇరవై వేలు. అందులో పాతికవేల మంది రాజధానిలో సభకి వచ్చారు. బడులు మూతపడ్డాయి, చేపల ఫ్యాక్టరీలు ఆగాయి. నాన్నలు పిల్లల్ని ఆఫీసులకి తీసుకెళ్లి కాగితాలూ రంగు పెన్సిళ్లూ ఇచ్చి కూర్చోబెట్టారు. సులువుగా ఉడికేది కదా అని అందరూ సాసేజ్‌లకి ఎగబడితే దుకాణాల్లో అవి అయిపోయాయట. ఇది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మన ఊళ్లల్లో అయితే కర్రీ పాయింట్ల ముందు క్యూలు ఉండేవి.

మరుసటి ఏడాది సమాన హక్కుల చట్టం వచ్చింది. ఐదేళ్లకి, 1980లో, విగ్దీస్ ఫిన్‌బొగదొత్తిర్ ఆ దేశానికి అధ్యక్షురాలైంది. ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైన మొదటి మహిళ ప్రపంచంలో ఆవిడే. భర్త నుంచి విడిపోయి, పాపని దత్తత తీసుకుని ఒంటరిగా పెంచుకుంటున్న మనిషి.

మనకీ ఉంది చరిత్ర. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠంలో సారా కథ చదివి, తమ ఊరి సారా దుకాణం ముందు అడ్డంగా నిలబడ్డారు. అది ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు బలపడ్డాయి. వాళ్లకి కూలి డబ్బు మీద హక్కు కావాలి. మొగుడి జేబులోంచి సారా దుకాణానికి పోయేది వాళ్ల పిల్లల అన్నం. "నా కష్టం నాది" అనే మాట దూబగుంటలో డాగ్నీ కన్నా గట్టిగా అన్నారు. తేడా ఒక్కటే. ఒక్కొక్కరు విడిగా లోయలోకి మాయమైపోలేదు. అందరూ కలిసి ఊళ్లోనే, వీధిలోనే కూర్చున్నారు.

భుజం దించే వీలు లేనివాళ్లు

ఇక్కడ సినిమా చూడని ఇంకో సంగతి ఉంది. విసుగొస్తే వెళ్లిపోవాలంటే తలుపు తెరిచి ఉండాలి. జాన్ గాల్ట్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు.

కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కి ఇంటి పనికి వెళ్లిన మన అక్కచెల్లెళ్లు ఎంతోమంది. అక్కడ 2015లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం మంచిదే. కానీ ఇంటి తలుపు మూసేశాక లోపల ఏ చట్టం నడుస్తుందో ఆ ఇంటివాళ్లకే తెలుసు. పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉన్న మనిషికి "స్వేచ్ఛగా ఒప్పందం చేసుకోవచ్చు" అని చెప్పడం ఎగతాళి.

అంత దూరం ఎందుకు. సినిమా రెండో భాగంలో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెస్తుంది. ఎవరూ ఉద్యోగం వదలకూడదు, మారకూడదు. తెర మీద అందరూ గుండెలు బాదుకుంటారు. నేను చూస్తూ అనుకున్నాను, ఇది మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో అమల్లో ఉన్నదే కదా అని. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నంతకాలం మా ఆయన ఉద్యోగం మారాలంటే వంద లెక్కలు వేసుకునేవాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. ఇక నాకు పని చేసే హక్కే లేదు. గ్రీన్ కార్డ్ దారిలో కొంత దూరం వెళ్లినవాళ్ల భార్యలకి 2015 మేలో ఆ హక్కు ఇచ్చారు. అప్పటిదాకా నా ఎంసీఏ డిగ్రీ సూట్‌కేసు అడుగున ఉంది.

ఆ 60 రోజుల లెక్క మా ఇంటికీ వచ్చింది ఒకసారి. ఉద్యోగం పోయిన రోజు ఆయన సోఫాలో అలాగే కూర్చుండిపోయాడు. నేను ధైర్యం చెప్దామని "ఎంతుంది మన దగ్గర, ఎన్ని నెలలు వస్తుంది" అని అడిగాను. ఆయన చెప్పే స్థితిలో లేడు. నాకు తెలియదు. ఏ బ్యాంకులో ఎంతుందో తెలియదు, పాస్‌వర్డులు తెలియవు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందో తెలియదు. పదేళ్లు ఇల్లు నడిపినదాన్ని. కందిపప్పు ఎక్కడ 50 సెంట్లు తక్కువో తెలుసు. ఇల్లు ఎన్ని రోజులు నిలబడుతుందో మాత్రం తెలియదు. ఆయన దాచలేదు, నేను అడగలేదు. "నాకెందుకు ఆ తలనొప్పి, ఆయన చూసుకుంటారు" అని పదేళ్లు గొప్పగా చెప్పుకున్నాను.

ఆర్థిక వ్యవస్థ కూలడం అంటే టీవీలో గీతలు కిందికి పడడమే కాదు. ఒక ఇంట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం కూడా అది జరుగుతుంది. అప్పుడు ఎవరి పేరు మీద ఏముందో తెలిసినవాళ్లు నిలబడతారు. తెలియనివాళ్లు పక్కవాళ్ల మొహం చూస్తారు.

అయితే ఏం చేద్దాం

నేను ఎవర్నీ లోయలోకి వెళ్లిపొమ్మనడం లేదు. మొగుళ్ల మీద సమ్మె చెయ్యమనీ అనడం లేదు, ఒకరోజు సెలవు తీసుకుంటే మాత్రం వద్దనను. కొన్ని పనులు మాత్రం ఈ నెలలోనే చెయ్యండి.

మీ పేరు మీద, మీ ఒక్కరి పేరు మీద, ఒక ఖాతా తెరవండి. అందులో నెలకి 50 డాలర్లు వేసినా చాలు. ఇది అపనమ్మకం కాదు. మా అమ్మ మాటే, అడగక్కర్లేకుండా ఉండడానికి. క్రెడిట్ కార్డు ఆయన కార్డుకి అదనపు కార్డుగా మాత్రమే ఉంటే, మీ సొంత పేరుతో ఒకటి తీసుకోండి. ఇక్కడ మనిషి విలువ ఆ చరిత్రలోనే చూస్తారు.

ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ కూర్చుని ఖాతాలు, అప్పులు, ఇన్సూరెన్సులు ఒక కాగితం మీద రాసుకోండి. ఇండియాలో ఫ్లాట్ పత్రాలు ఎక్కడున్నాయో, ఎవరి పేరున ఉన్నాయో చూడండి. నామినీగా మీ పేరుంటే చాలనుకోకండి, నామినీ అయినంత మాత్రాన సొంతదారు అయిపోరు. వీలునామా రాయించండి. గల్ఫ్‌లో ఉన్న చెల్లెళ్లు పాస్‌పోర్టు, అకామా ఫోటోలు తీసి ఇంటికీ, నమ్మకమైన ఒక స్నేహితురాలికీ పంపి ఉంచండి.

చివరిది కొంచెం నొప్పిగా ఉండేది. పుట్టింటి ఆస్తి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ దేశమంతా చట్టం మారింది 2005లో. మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 1986 చట్టంతో వచ్చింది. అంత ముందు నడిచిన రాష్ట్రం ఆడపిల్లలం మనం. అయినా సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్య కాగితం పెడితే "ఎక్కడ పెట్టాలి" అని సంతకం చేసి వచ్చేస్తాం. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. అన్నయ్య అమ్మానాన్నల్ని చూసుకుంటున్నాడు, ఆ మోతకి కూడా విలువ ఉంది. కానీ ఏం ఇస్తున్నారో చదివి, తెలిసి, మీ ఇష్టంతో ఇవ్వండి. చీర పెట్టి సంతకం తీసుకునే పద్ధతి ఆగాలి.

అత్తయ్యలూ, అమ్మలూ, ఇది ఫార్వర్డ్‌లో చదువుతున్న అన్నయ్యలూ, మీరు "అమెరికా వెళ్లి ఆడపిల్లలు లెక్కలు నేర్చారు" అనుకోవచ్చు. లెక్కలు మేం మీ దగ్గరే నేర్చుకున్నాం. పోపుల డబ్బాలో ఆవాల కింద వంద నోటు మడత పెట్టడం ఐన్ రాండ్ చెప్పలేదు మాకు.

సినిమా చూడండి. మూడూ వద్దు, మొదటిది చాలు. కొత్త పట్టాల మీద, కొత్త వంతెన మీద డాగ్నీ రైలు దూసుకెళ్లేటప్పుడు ఆవిడ మొహం చూడండి. ఆ సంతోషం ఏ ఆడదాని మొహంలోనైనా ఉండాల్సిందే. తర్వాత పక్క గదిలోకి వెళ్లి, ఆ వారాంతం అంట్లు ఎవరు తోమారో కూడా చూడండి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మని బ్యాంకుకి తీసుకెళ్లాను. తన ఒక్కదాని పేరుతో ఖాతా తెరిపించాను. ఫారం మీద సంతకం పెట్టమంటే అమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. "ఇంటిపేరు మీ నాన్నదా, మా నాన్నదా, ఏది రాయాలే?" అంది. కౌంటర్లో అమ్మాయి నవ్వి, "ఆధార్‌లో ఎలా ఉంటే అలా రాయండమ్మా" అంది. మెల్లగా, అక్షరం అక్షరం రాసింది. బయటికొచ్చాక పాస్‌బుక్ బ్లౌజులో దోపుకోబోయి, నన్ను చూసి నవ్వి, చేతి సంచిలో పెట్టుకుంది.